గంగ చేరని వాగు

1964, ఫాల్గుణం, బుధవారం రాత్రి

మా ఆయన పోయి నెలయింది. మాసికం పెట్టడానికి మా పెద్దకొడుకును వెంటబెట్టుకుని మా వాగు గంగలో కలిసే చోటికి పోయాను. గోదావరిని గంగ అనే అంటాం మేము. వాగు గంగకు చేరుస్తుంది, గంగ సముద్రానికి చేరుస్తుంది అన్న ధీమాతోనే ఆయన అస్థికలు మా ఊరి వాగు రేవులో కలిపాం.

అక్కడ వాగు లేదు. ఉన్నదంతా ఇసుకే. ఒక ముసలామె ఇసుకలో చెలిమె తోడి, ఊరిన నీళ్లను దోసిలితో కుండలో పోసుకుంటున్నది.

"వాగేదమ్మా?" అన్నాను.

"మీదికెల్లి వచ్చినోళ్లు మీరే, నన్నడుగుతరేందమ్మా? ఊరికో ఇంజన్ పెట్టి నీళ్లన్ని గుంజుకుంటిరి. దసరా దాటిందంటే గీడిదాక సుక్క రాదు."

ఆ వాగు మీద మొదటి ఆయిల్ ఇంజన్ ఆయనదే. "మనం గుంజేదెంత, గంగకు తెల్వనే తెల్వది" అన్నాడు. తర్వాత పై ఊరూ కింది ఊరూ అదే మాట అని, అదే పని చేశాయి. తన పెండ్లికి కూడా ఆలస్యంగా వచ్చిన మనిషి, ఇప్పుడు ఎవరి ఇంజన్ కాడ ఆగిపోయాడో.

తిరిగి వస్తుంటే పెద్దోడు మెల్లగా అడిగాడు. "అవ్వా, రేపటి సంది మన ఇంజన్ బంద్ పెట్టాల్నా? వరి పొట్టకొచ్చింది మరి."

బంద్ పెట్టమనే చెప్పాలనుకున్నాను. నోరు తెరిస్తే, "నడువనియ్యిరా" అని వచ్చింది.

సముద్రం దాకా సాగనంపానని అనుకున్న మనిషిని, నా నోటితో నేనే ఇసుకలో...