ఒకటి లేదా రెండు

మే 7, బుధవారం

పొద్దున్నే టీవీలో యుద్ధం. తమ్ముడు తిరుమల్ సరిహద్దులో ఆర్మీ లారీ నడుపుతాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. అయినా డ్యూటీకి వెళ్లాను. రెజిమెంటల్ బజార్‌లో మా సర్వే ఆఫీసు. హెడ్‌సెట్ పెట్టుకుని రోజంతా జనానికి ఫోన్లు చేసి అభిప్రాయాలు అడగడం నా పని.

ఇవాళ్టి ప్రశ్న: యుద్ధం కొనసాగించాలా? ఒకటి అవును, రెండు వద్దు, మూడు చెప్పలేను. మూడులు చాలా వచ్చాయి. సర్వే చేయిస్తున్నది ఒక పార్టీ. కార్పొరేషన్ ఎన్నికలు ముందున్నాయి కదా.

మే 8

షీటులో మూడు లేదు. టీమ్ లీడర్ సత్యదేవ్ గారిని అడిగాను. చెప్పలేను అన్నది ఒక జవాబా అండీ, క్లయింటుకి క్లారిటీ కావాలి అన్నారు. ప్రశ్న కూడా మారింది. మన సైనికులకు అండగా నిలిచి, శత్రువును దెబ్బకు దెబ్బ తీయాలని కోరుకుంటున్నారా?

యాప్రాల్‌లో పద్మనాభం గారని రిటైరైన లెక్కల మాస్టారు దొరికారు. ఇందులో రెండు ప్రశ్నలున్నాయమ్మా, విడదీసి అడుగు, రెండింటికీ చెబుతానన్నారు. విడదీసే వీలు నాకు లేదన్నాను. అయితే నేనేం చెప్పను తల్లీ అని పెట్టేశారు.

ఏదో ఒకటి నొక్కకపోతే స్క్రీన్ ముందుకు పోదు. మధ్యాహ్నం లోపు టార్గెట్ అరవై. ఒకటి నొక్కాను. ఆయన ఒకటి అనలేదు. ఇంతవరకు ఈ ఉద్యోగంలో నాకు సిగ్గనిపించలేదు, ఇవాళ అనిపించింది.

మే 9, ఉదయం

తిరుమల్ ఫోన్ ఇంకా స్విచాఫ్.

మే 9, సాయంత్రం ఏడు

పక్క సీటు అనుపమ లిస్టులో అమ్మ కనిపించింది. సుమిత్ర, బోయిన్‌పల్లి, ఆకుకూరల వ్యాపారం. జవాబు: ఒకటి.

రెండు రోజులుగా సరిగ్గా అన్నం ముట్టని మా అమ్మ. లడాయి బంద్ చెయ్యి తండ్రీ అని దేవుడి పటం ముందు కూర్చుని మొక్కుతున్న మా అమ్మ. ఇంటికి రాగానే అడిగేశాను.

మార్కెట్ల అందరి ముంగట వచ్చింది ఫోను, వద్దంటే ఫౌజీ తల్లి గిట్ల భయపడ్తదా అంటరు అంది. అడిగెటోళ్లు ఎవలో ఏందో, పోరని కొలువుకు సుత తక్లీఫ్ అయితే ఎట్ల అంది. ఇంకేం చెప్పాల్నో నువ్వే చెప్పు అని నన్నే అడిగింది.

ఇప్పుడే ఒక ఛానల్లో చూపించారు. తొంభై రెండు శాతం యుద్ధం కావాలంటున్నారట. మాలాంటి సర్వేనే ఏదో. పక్కింటివాళ్లు సౌండ్ పెంచారు. మిగిలిన ఎనిమిది శాతం మందీ ఇది చూసి రేపు ఎటు వైపు ఉంటారో నాకు తెలుసు.

మే 10

యుద్ధం ఆగింది.

మే 11, ఆదివారం

తిరుమల్ మాట్లాడాడు. రెండే నిమిషాలు. అమ్మ బీపీ గోళీలు వేసుకుంటోందా అని అడిగాడు. వాడు పెట్టేశాక అమ్మ ఏడ్చింది, తర్వాత కడుపునిండా తింది. నేనూ తిన్నాను.

మే 12

కొత్త షీటు. ఈసారి అవతలి పార్టీది. మనకి అందరూ క్లయింట్లేనండీ అని సత్యదేవ్ గారు నవ్వారు. ప్రశ్న: గెలిచే సమయంలో యుద్ధం ఆపడం మన సైనికులను అవమానించడమేనని భావిస్తున్నారా?

పొద్దున్నుంచీ ఒకట్లే. మొన్నా ఒకట్లే, ఇవాళా ఒకట్లే. ప్రశ్నలో సైనికుడు ఉంటే చాలు, రెండు అనడానికి ఎవరికీ నోరు రాదు. అక్కడ తిరుమల్ పేరు పెట్టి లోపల్లోపలే చదువుకున్నాను. రెండు, రెండు, రెండు అనాలనిపించింది. కానీ నన్నెవరూ అడగరు.

మే 13

అమ్మ నంబరు ఇవాళ నాకే వచ్చింది. ఈ కాల్ రికార్డ్ అవుతోందని మొదట చెప్పాలి, చెప్పాను. గొంతు గుర్తుపట్టింది. ప్రశ్న మొత్తం చదివాను.

అందరు ఏమంటున్రో గదే రాసుకోండి మేడం అంది.