పదకొండింటి బడిగంట

ఇన్‌స్పెక్టర్ గారికి,

మీరు చెప్పినట్టే ఆ మోసగాళ్ల ఫోన్లు పెట్టెయ్యకుండా మాట్లాడి, వచ్చిన నంబర్లూ వేళలూ రాసి పంపుతున్నాను. నంబర్లు నాలుగు మారినా గొంతు ఒక్కటే, ఒక అమ్మాయిది. రోజూ పదకొండింటికి వెనక బడిగంట వినిపిస్తోంది. ముప్పై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా గంట కొట్టించినదాన్ని, పొరబడను. టవర్లు పేట వరకే చూపిస్తాయన్నారుగా, ఆ పేటలో బడి పక్క ఇళ్లు వెతకండి.

ఆ నంబర్ల కాగితంలో రాయని మాట ఒకటుంది. నిన్న ఆ పిల్ల గొంతు తగ్గించి, "ఓటీపీ చెప్పకండి పిన్నీ, మమ్మల్ని గదిలో పెట్టి తాళం వేశారు" అంది. వెంటనే గట్టిగా, "త్వరగా చెప్పండి మేడమ్!" అని అరిచింది.

తలుపు తీశాక ఆమెను దొంగలతో నిలబెట్టకండి. ఎలా గుర్తుపట్టాలంటారా? పిన్ని పంపిందని చెప్పండి. ఏడ్చే పిల్లే ఆమె.

ఇట్లు,
ఆ పిల్ల పిన్ని