ఎండిన బోర్లు కబురు పంపవు

సెప్టెంబర్ 20, 2011

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగి ఇది రెండో రోజు. బచ్చన్నపేట నుంచి సుశీల ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చింది. రెండు బోర్లు ఎండిపోయాయట. మూడోదాని కోసం పాడిబర్రెను అమ్మేసింది. దసరా దాటాక రిగ్ వస్తుంది. "మీ చేతిల కాయ లేస్తే నీళ్లు పడుడేనట గద సాబ్, జర చూపెట్టుండ్రి" అంది. ఈ అబ్దుల్ బారీ చెయ్యి ఒక్కసారీ తప్పలేదని చెప్పాను. లోపల మా జహీరా దగ్గింది. ఆమె దగ్గుకు ముప్పై అర్థాలు. ఒక్కటీ నాకు అనుకూలం కాదు.

సెప్టెంబర్ 21

అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి పొలమంతా నడుస్తాను. నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుంది. మొదటిసారి నిలబడింది 1969లో. నాకు ఇరవై ఆరేళ్లు. అప్పుడూ బందులే, అప్పుడూ ఈ నినాదాలే. దసరాకల్లా తెలంగాణ వస్తుందని అందరికీ చెప్పుకు తిరిగాను. ఏ దసరాకో చెప్పలేదు కనుక ఇప్పటికీ తప్పలేదు. నా కాయ నిలబడ్డ చోట ఐలయ్య తవ్విన బావిలో నీళ్లు పడ్డాయి. డప్పులతో వచ్చి భుజాన ఎర్ర తువ్వాలు వేసి, చేతిలో కోడిపుంజును పెట్టాడు. కొత్త పెళ్లికూతురు జహీరా వండిన ఆ కూర వాసన ఇంకా ముక్కులోనే ఉంది. అప్పటి నుంచి అదే ఆనవాయితీ. నీళ్లు పడితే కోడి, తువ్వాలు.

సెప్టెంబర్ 24

సమ్మె దీక్ష టెంట్‌లో మా ఊరి చంద్రయ్య ఏ వార్త వచ్చినా "నేను ముందుగాలనే చెప్పిన" అంటాడు. నిరుడు చెప్పిన పది సంగతుల్లో ఒకటి నిజమైంది. ఆ ఒక్కదాన్నే జెండాలా మోస్తున్నాడు. కడుపుబ్బ నవ్వాను.

సెప్టెంబర్ 27

ఇక నవ్వను.

సుశీల పొలానికి సైకిల్ మీద బయలుదేరాను. నలభై ఏళ్లుగా బస్సులో కునుకు తీస్తూ దాటిన దారి. దాహమేసి ఒక చెలకలో ఆగాను. రెండేళ్ల కింద నేను చూపిన చోటే. బోరు మూతికి బండరాయి పెట్టి ఉంది. పొలం కమ్లీది. "నీళ్లేడియి సాబ్, దుమ్ము లేసింది" అంటూ పక్క పొలం నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. "ఏమని చెప్పాలె? మీ మొకం చిన్నబోతది. మా నసీబ్ అనుకున్నం."

ఆ తర్వాత సైకిల్ సుశీల వైపు సాగలేదు. సాయంత్రం దాకా నేను చూపిన పొలాలే వెతుక్కుంటూ తిరిగాను. పదకొండు చూశాను. నాలుగింట నీళ్లు, ఏడింట బండరాళ్లు. కోడి పట్టుకొచ్చినవాళ్లే నాకు కనబడ్డారు. రానివాళ్లు ఉంటారని తోచనే లేదు. ఇంత చదివిన తలకాయ! చదివిందల్లా పొట్లాలు కట్టిన పేపర్లేననుకోండి, అయినా.

సెప్టెంబర్ 28

ఏమీ రాయబుద్ధి కాలేదు.

అక్టోబర్ 1

జహీరాకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూనే, ఆ కాలంలో ఎక్కడ తవ్వినా నీళ్లు పడేవి, మీరు కాదు మేక చూపినా పడేవి అంది. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, "తుమ్ పూఛే కబ్ జీ?"

నిజమే. అడగలేదు.

అక్టోబర్ 9

సుశీల పొలం చేరాను. పత్తి ఆకులు వేలాడుతున్నాయి. గట్టు మీద నిలబడి పదకొండింటి కథా చెప్పాను. నా మాట మీద బోరు వేయొద్దన్నాను. కొబ్బరికాయ తీసుకెళ్లలేదు. సుశీలే తన ఇంట్లోంచి ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"బర్రె పాయె, రేపో ఎల్లుండో రిగ్గొస్తది, గిప్పుడా మీకు అకల్ వచ్చింది? తప్పితే తప్పనియ్యుండ్రి, ఎవలో ఒకలు చెయ్యి పెట్టి చూపెట్టాలె గద!" అని ఏడ్చింది. ఏడుగురు ఇలా ఏడ్చి ఉంటారు, నాకు వినబడకుండా. ఏ చోటూ చూపకుండానే తిరిగి వచ్చాను.

అక్టోబర్ 26

సమ్మె ఆగింది. సుశీల బస్సులో వచ్చింది. ఎవరో వేపపుల్లతో చూపించాడట. రెండించుల నీళ్లు పడ్డాయి. ఆ రోజు నేను నిలబడ్డ చోటికి నాలుగే అడుగులట.

ఆమె వెళ్లినప్పటి నుంచి, ఆ గట్టు మీద నా అరచేయి జివ్వుమన్నట్టు బాగా గుర్తొస్తోంది. తొమ్మిదో తేదీ పేజీ రెండుసార్లు చదివాను. అందులో అలాంటిదేమీ లేదు.