కంటితో చూసి చెప్పిన మాట

నార్త్ డకోటా, మార్చి 4

ప్రియమైన లోర్నా,

ఈ సీసాలో ఉన్నది టెస్ ప్లీహం. టెస్ తొమ్మిదేళ్ల కుక్క, ఒకప్పుడు గొర్రెలు కాసింది. ఓర్లిన్ స్కోగెన్ అనే ముసలాయనది. నిన్న ఉదయం ఉన్నట్టుండి కూలబడిపోయింది. పొట్ట కోసేసరికి నిండా రక్తం, ప్లీహం మీద పిడికిలంత నల్లటి గడ్డ. అది మత్తులో ఉండగానే నేను బయటికొచ్చి ఓర్లిన్‌తో, "రక్తనాళాల కేన్సర్. రెండు నెలలు కూడా బతకదు. లేపకుండానే పోనిద్దాం" అన్నాను.

"ఖాయమేనా, డాక్టరమ్మా?"

"ఇరవై ఏళ్లుగా ఇవే చూస్తున్నాను, ఓర్లిన్."

ఆయన సరేనన్నారు. నాకు సందేహమేమీ లేదు. రికార్డు కోసం నీ లాబ్‌లో ఓసారి చూసిపెట్టు.

కాలేజీలో నీ పక్క బల్ల,
మార్లిస్

మార్చి 15

ప్రియమైన మార్లిస్,

ఇది రాయడానికి రెండు రోజులు ఆగాను. మొదటి నాలుగు ముక్కల్లో చెడ్డ కణం ఒక్కటీ కనబడలేదు. నమ్మలేక ఇంకో పన్నెండు కోసి చూశాను. ఎక్కడా లేదు. అది కేన్సర్ కాదు, ఉత్త రక్తపు గడ్డ. ప్లీహం తీసేసి కుట్లు వేస్తే సరిపోయేది. ఈ రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. సూక్ష్మదర్శిని లేకుండా నేనైనా చెప్పలేను.

ఆయనకు ఎప్పుడు చెబుతావు?

లోర్నా

ఏప్రిల్ 20

ప్రియమైన లోర్నా,

చెప్పలేదు. నీ రిపోర్టు కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. పోయిన వారం ఓర్లిన్ తన పొయ్యిలో కాల్చిన ఆపిల్ పై పట్టుకొచ్చి, "దాన్ని బాధపడనివ్వకుండా పంపావు" అన్నారు. ఆయన చూస్తుండగానే ఒక ముక్క తిన్నాను. బాగుందని కూడా అన్నాను.

నన్ను తిట్టు.

మార్లిస్

ఏప్రిల్ 27

నా మార్లిస్,

తిట్టను. ఆయనకు చెప్పేదాకా నాకు రాయకు.

ఎప్పటికీ నీ లోర్నా

మే 9

ప్రియమైన లోర్నా,

చెప్పాను, ఆయన వంటింట్లో, నిలబడే. ఆయన కలుపుతున్న కాఫీ పక్కన పెట్టారు.

"సిగ్గు నీ ఒక్కదానిదే కాదులే," అన్నారు. "నా తుంటి విరిగాక టెస్‌ని బయట తిప్పలేకపోయాను. మా అమ్మాయి తీసుకుపోతానంటే ఇవ్వలేదు. నువ్వు కేన్సరనగానే నాకు బరువు దిగినట్టయింది. అందుకే ఇంకోసారి అడగలేదు. అడిగితే లేపుతావేమోనని."

క్షమించమనబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.

రిపోర్టు తీసుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివారు. "లేపి ఉంటే ఎన్నాళ్లుండేది?"

"మూడు నాలుగేళ్లు."

"నాలుగు," అనుకున్నారు తనలో తాను. తర్వాత నాకు కుర్చీ జరిపారు. కూర్చున్నాను.

మార్లిస్