అభిమానుల కోరిక మేరకు బ్రేకులు

జూలై 30, బుధవారం

రెండు వారాలు అడిగాను. ఇవ్వలేదు.

అడిగింది జీతం పెంచమని కాదు, లీవు కాదు. కారు ఆగడానికి రెండు వారాలు. ఫిలింనగర్ గుడి దగ్గర నుంచి కిందికి దిగే వాలులో మా గేమ్‌లో ఏ బండీ ఆగడం లేదు. బ్రేకు నొక్కితే వెనక భాగం తేలిపోయి, సబ్బు మీద కాలేసినట్టు జారి, ఎదురుగా ఉన్న నగల షాపులోకి పోతుంది. బండ్ల బరువు, మలుపు, బ్రేకు నా పని. రెండేళ్లుగా ఇదే పని. పోయిన నెల వాన ఎఫెక్ట్ కలిపినప్పుడు చెడింది. ఎక్కడ చెడిందో కూడా దొరికింది. సరిచేయడానికే టైమ్ కావాలి.

ప్రొడ్యూసర్ సూర్యప్రకాశరావు గారు శాంతంగా విన్నారు. శ్రావణ శుక్రవారం ముహూర్తం పెట్టించాను, మార్చడం కుదరదమ్మా అన్నారు. ఆయన ఇన్నాళ్లూ సినిమాలు తీశారు, గేమ్ తీయడం ఇదే మొదటిసారి. తీయడం అనే అంటారు. బ్రేకులెవరు చూస్తారండీ, అందరూ హీరోనే చూస్తారు అని పీఆర్వో పృథ్వీరాజ్ పక్కనుంచి అందించాడు. మా గేమ్‌లో బండి తోలేది ఒక సినిమా హీరో, కార్లో కూర్చున్నాక ఆయనది కనబడేది ఒక చెవి.

ఆగస్టు 1, శుక్రవారం, ఉదయం 6

"చెక్‌పోస్ట్ రేస్" విడుదలైంది. విడుదలంటే ఒక బటన్ నొక్కడం. దానికి ఆఫీసు ముందు డప్పులు, టపాసులు, రెండంతస్తుల ఎత్తున హీరో కటౌట్. కటౌట్‌కి పాలు పోశారు. తర్వాత ఒకడికి గేమ్‌ని మర్చిపోయామని గుర్తొచ్చినట్టుంది, బల్ల మీద పెట్టిన డెమో కన్సోల్ మీద మిగిలిన ప్యాకెట్ కత్తిరించి పోశాడు. తిరుమలేశ్ టవల్ పట్టుకుని ఉరికాడు. గేమ్ ఆడి తప్పులు పట్టే ఉద్యోగం వాడిది, బోరబండ నుంచి వస్తాడు. గిది ఇగ బతకదక్కా అని తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

అదే రోజు, సాయంత్రం

ఆడినవాళ్ల అభిప్రాయాలు చదివి మంచివి ఏరి పైకి పంపే పని కూడా నాకే అంటగట్టారు. మా వెబ్‌సైట్‌లో ఎవరైనా స్టార్లు ఇవ్వొచ్చు. గేమ్ కొననక్కర్లేదు. ఇది పృథ్వీరాజ్ ఐడియా.

ఐదు స్టార్లు: జై అన్న.

ఐదు స్టార్లు: అన్న కోసం ప్రాణమిస్తాం, కన్సోల్ ఎక్కడ దొరుకుతుంది.

ఒక స్టార్: మీ అన్నకి లైసెన్స్ ఉందా.

ఒక స్టార్: మా హీరో గేమ్ వస్తే మీరంతా ఊరు ఖాళీ చేయాలి.

మూడు స్టార్లు: ఫస్ట్ హాఫ్ ఓకే, ఇంటర్వెల్ అదిరింది, సెకండ్ హాఫ్ సాగదీశారు, ఒకసారి చూడొచ్చు.

నాలుగు నిమిషాల రేసుకి ఇంటర్వెల్ ఎక్కడ వచ్చిందో. రెండేళ్లు పనిచేశాను, నాకెప్పుడూ కనబడలేదు.

ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, బ్రేకు అనే మాట రాస్తాడేమోనని కళ్లు కాయలు కాసేలా చూశాను. తిడితే తిట్టాడు, కనీసం ఆడి తిట్టాలి కదా.

ఆగస్టు 2, శనివారం

రేపు సక్సెస్ మీట్ అట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆగస్టు 3, ఆదివారం

సక్సెస్ మీట్‌లో హీరో స్టేజి మీద గేమ్ ఆడారు. వద్దని ముందే పృథ్వీరాజ్‌కి చెప్పాను, కనీసం గుడి వాలు ఉన్న రేసు వద్దని బతిమాలాను. అదే పెట్టాడు. హీరో గారి బండి వాలు దిగింది, ఆగలేదు, నగల షాపు అద్దం పగలగొట్టుకుని లోపలికి పోయింది. హాలంతా ఈలలు. అది ఫైట్ సీన్ అనుకున్నారు. సూర్యప్రకాశరావు గారు మైకులో, చూశారుగా, మా టీమ్ పనితనం అన్నారు. నేను కుర్చీలోంచి లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆగస్టు 4, సోమవారం

నిజంగా కొని ఆడినవాళ్లు రాయడం మొదలుపెట్టారు. కొద్దిమందే. అందరూ ఒకే మాట: ఆగడం లేదు. డబ్బు వెనక్కివ్వమని కొందరు అడుగుతున్నారు. అవన్నీ ప్రింటు తీసుకుని మీటింగ్‌కి వెళ్లాను.

ప్రొడ్యూసర్ గారు ఒక్క కాగితం కూడా తిప్పలేదు. వీళ్లంతా ఆ అవతలి హీరో ఫ్యాన్సేనమ్మా, కుట్ర అన్నారు. నేను ప్యాచ్ ఇద్దాం, రెండు వారాల్లో సరిచేసి అందరి కన్సోళ్లలోకి పంపొచ్చు, గేముల్లో ఇది మామూలే అని చెప్పాను. ఆయనకి నిజంగా కోపం వచ్చింది. రిలీజయ్యాక సినిమా ట్రిమ్ చేస్తే ఏమంటారో తెలుసా, పోయిందంటారు, ప్యాచ్ అన్న రోజున నేనే ఫ్లాప్ అని పోస్టర్ వేసుకున్నట్టు అన్నారు.

ఆ తర్వాత అసలు మాట చెప్పారు. ఈ వారం టాక్ చూస్తారట. బాగోకపోతే స్టూడియో మూసేసి, ఈ ఫ్లోరు ఎడిటింగ్ వాళ్లకి ఇచ్చేస్తారట.

అంటే టాక్ బాగుపడితే స్టూడియో ఉంటుంది, బ్రేకులు బాగుపడితేనే టాక్ బాగుపడుతుంది, బ్రేకులు బాగుచేస్తే టాక్ పోతుందంటారు. ఈయనకి ఎలా చెప్పాలి.

ఆగస్టు 5, మంగళవారం

ఇవాళ ఒక అభిప్రాయం వచ్చింది. పేరు ఫియట్84. ఒక స్టార్. మొత్తం ఇక్కడ దించుకుంటున్నాను:

"బ్రేకు నొక్కగానే వెనక చక్రాలు నేలని వదిలేస్తున్నాయి. ముందు చక్రాలొక్కటే పట్టుకుంటే బండి తిరిగిపోదా. ఎక్కుడులో బాగానే ఉంది, వాలులోనే ఈ రోగం. వానలో మరీ. చేసినవాళ్లకి పని వచ్చు, తొందరపడ్డారు. సిగ్గుపడి సరిచేయండి."

నాలుగుసార్లు చదివాను. ఏడుపొచ్చింది. చేసినవాళ్లకి పని వచ్చు అన్న మాట ఈ రెండేళ్లలో ఈ ఆఫీసులో ఎవరూ అనలేదు. ఒక స్టార్ ఇచ్చి మరీ అన్నాడు మహానుభావుడు.

పృథ్వీరాజ్ వచ్చి ఇది తీసెయ్ అన్నాడు. ఎందుకన్నాను. ఎనిమిదీ నాలుగూ కలిపితే పన్నెండు, అవతలి హీరో పుట్టినరోజు పన్నెండో తారీఖు, ఇంకా అర్థం కాలేదా అన్నాడు. ప్రొడ్యూసర్ గారు కూడా తలూపారట. తీయనన్నాను. శుక్రవారం దాకా టైమ్ ఇస్తున్నా, ఆ తర్వాత నీ ఇష్టం అని పోయాడు.

ఆగస్టు 6, బుధవారం

ఫియట్84 మళ్లీ రాశాడు. "గుడి దగ్గర సెకండ్ గేర్లో దిగి చూశాను. అయినా అంతే."

గేర్లు మార్చుకుని ఆడేవాడు ఒకడున్నాడన్నమాట. ఆ ఆప్షన్ నేను మారాం చేసి పెట్టించాను.

ఆగస్టు 7, గురువారం

ఎడిటింగ్ వాళ్లు టేపు తెచ్చి నా టేబుల్ కొలుచుకుని వెళ్లారు. నేను దాని ముందు కూర్చునే ఉన్నాను. కాస్త కాళ్లు తీయమన్నారు.

తిరుమలేశ్ వేరే చోట ఇంటర్వ్యూకి పోయొచ్చాడు. ఫికర్ చెయ్యకక్కా, నీ గురించి గూడ చెప్పిన అన్నాడు. ఏం పని అంటే, పెళ్లి వీడియోలకి గ్రాఫిక్స్ అట. వాడి మీద అరిచాను. వాడేం చేశాడు పాపం.

ఆగస్టు 8, శుక్రవారం

ఇవాళ వరలక్ష్మీ వ్రతం. ప్రొడ్యూసర్ గారి భార్య ఆఫీసులో ఆడవాళ్లందరినీ పేరంటానికి పిలిచారు. మొన్నటిదాకా కుట్ర అని, ఇవాళ తాంబూలం. వెళ్లకూడదనుకున్నాను. మధురానగర్‌లో నేనుండే హాస్టల్లో ఇవాళ ఉప్మా, అందుకే వెళ్లాను.

జూబ్లీహిల్స్‌లో కొండరాయిని కొంత తొలిచి, కొంత గోడలో కలుపుకుని కట్టిన ఇల్లు. పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, నానబెట్టిన శనగలు ఇచ్చారు. చేతులు కడుక్కుందామని లోపలికి వెళ్తుంటే వసారా చివరి గది నుంచి ఒక చప్పుడు. ఇంజిన్, తర్వాత జారుడు, తర్వాత అద్దం పగలడం. ఆ అద్దం చప్పుడు రికార్డు చేసిన రోజు నేనక్కడే ఉన్నాను.

తలుపు తీసి ఉంది. మంచం మీద బాసింపట్టు వేసుకుని ఒక పెద్దావిడ, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, చేతిలో కంట్రోలర్. ప్రొడ్యూసర్ గారి తల్లి జగదాంబ గారు. భర్త పోయినప్పటి నుంచి పేరంటం గదిలోకి ఆవిడే రానంటారట. ఎవరూ రావద్దనలేదమ్మా, నాకే ఎందుకులే అనిపిస్తుంది అన్నారు.

టీవీ మీద పై మూలన ఆటగాడి పేరు ఉంది. ఫియట్84.

చేతిలో శనగలు కింద పోసుకున్నాను.

ఎనభై నాలుగులో కొన్నారట ఫియట్. అప్పుడు ఇక్కడంతా బండలే. భర్త సినిమాలు తీస్తుంటే షూటింగ్‌కి భోజనాలు ఆవిడే వండి, ఆవిడే తోలుకెళ్లేవారట. ఆ వాలులో సాంబారు తొణక్కుండా దిగాలి, బ్రేకు తొక్కడం అలా నేర్చుకున్నానమ్మా అన్నారు. కొడుకు తీసిన ప్రతి సినిమా మొదటి ఆట చూడటం అలవాటట. ఈసారి చూడటం కుదరదు, ఆడాలి అన్నారట ఇంట్లో. హాస్టల్లో ఉన్న మనవడు రిత్విక్‌కి ఫోన్ చేసి, వాడి కన్సోల్ మీద నేర్చుకున్నారు. బాగోలేదన్న మాట కొడుకుతో నేరుగా ఎందుకు చెప్పలేదని అడిగాను. సినిమా బాగోలేదంటే వాడు అన్నం దగ్గరికి రాడమ్మా, అందుకే పేరు మార్చి రాశాను అన్నారు.

ఆ బ్రేకులు చేసింది నేనేనని చెప్పాను. కళ్లద్దాలు పైకి తోసి ఎగాదిగా చూశారు. తొందరపెట్టారా అని అడిగారు. తలూపాను.

అంతలో సూర్యప్రకాశరావు గారు తల్లిని భోజనానికి పిలవడానికి వచ్చారు. నన్ను చూసి ఆగారు. ఆవిడ కంట్రోలర్ కొడుకు చేతిలో పెట్టి, మన ఇంటి గేటు దగ్గర బండి ఆపు నాన్నా అన్నారు. మా గేమ్‌లో ఆ రోడ్డు ఉంది, ఆ ఇల్లూ ఉంది. ఆయన కులాసాగా మొదలుపెట్టారు. గేటు దాటిపోయింది. ఇంకోసారి. పక్కింటి గోడలోకి పోయింది. మూడోసారి ఆయన మంచం మీద కూర్చుని, పంచె సర్దుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఆడారు. ఆయన ఇంట్లోకే దూసుకుపోయింది.

ఎవరో ఏదో చేశారమ్మా, ఆ ఫ్యాన్స్ అని మొదలుపెట్టారు. నేను కూడా ఆ హీరో అభిమానినేనా అని ఆవిడ అడిగారు. టీవీలో పేరు చూపించారు.

ఆయన ఆ పేరు చదివి కంట్రోలర్ మంచం మీద పెట్టారు. తర్వాత నాతో కాదు, ఎవరితోనూ కాదు, సాంబారు క్యారేజీ ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేది నేనే అన్నారు. ఒక్క రోజు కూడా కాళ్ల మీద పడలేదు అన్నారు.

ఎన్నాళ్లు కావాలమ్మా అని అడిగారు. రెండు వారాలన్నాను. జూలైలో చెప్పిందీ అదే అని కూడా అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

ఆగస్టు 9, శనివారం

ప్యాచ్ అనే మాట ఆఫీసులో ఎవరూ అనకూడదట.

ఆగస్టు 14, గురువారం

పని బాగా నడుస్తోంది. వెనక సీట్లో ఒక గిన్నె పెట్టాం, గేమ్‌లో కనబడదు, మా కోసమే. అది తొణికితే బ్రేకు తప్పు. తిరుమలేశ్ దానికి సాంబారు టెస్ట్ అని పేరు పెట్టి పొద్దుటి నుంచి అదే ఆడుతున్నాడు. జర కారం తక్కువైందక్కా అంటాడు ప్రతిసారీ. మొదటిసారి నవ్వాను. ఇప్పుడు కొట్టబుద్ధవుతోంది.

ఆగస్టు 22, శుక్రవారం

విడుదలైంది. ఊరంతా పోస్టర్లు. చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆటో ఆపించి చదివాను: "అభిమానుల కోరిక మేరకు, నేటి నుంచి సరికొత్త బ్రేకులతో."

పక్కన హీరో బొమ్మ. చేతిలో స్టీరింగ్. బ్రేకు ఉండేది కాలి కింద అని ఎవరూ చెప్పినట్టు లేరు.

వాలులో బండి ఆగుతోంది. గుడి దగ్గర, వానలో, సెకండ్ గేర్లో. నేనే ఇరవై సార్లు దిగాను. ఎడిటింగ్ వాళ్లు ఇంక రారట. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను, బ్రేకులు పడ్డాయని. నువ్వెప్పుడు కారు కొన్నావే అని అడిగింది.

ఆగస్టు 23, శనివారం

ఫియట్84. రెండు స్టార్లు.

"బ్రేకులు పడుతున్నాయి. హారన్ ఏది?"

అన్ని బండ్లూ తీసి చూశాను. లేదు. రెండేళ్లలో ఎవరికీ తట్టలేదు, ఆడినవాళ్లలో ఒక్కరూ అడగలేదు. హైదరాబాద్ రోడ్ల మీద హారన్ లేకుండా తోలించాం.

పది రోజులు అడిగాను. సూర్యప్రకాశరావు గారు వెంటనే ఒప్పుకున్నారు. ముహూర్తం చూపిస్తున్నారట.