అమ్మ నమిలిన నీళ్ళు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ క్షేమమేనా అంటే, ముందు సంతోషం చెప్పి ఆ తర్వాత జవాబిస్తాను. మీ సర్వే క్యాంపులో ఫోను పలకదు కదా, సరుకుల లారీ డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అతను తొందరపెడుతున్నాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఏమీ అనుకోకు.

మీ అమ్మ మాట్లాడింది తల్లీ! పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి మూలుగు తప్ప ఎరగని మనిషి, మొన్న కిటికీ తెర వంక చూసి "గంజి పెట్టారా?" అంది. ఇన్నాళ్ళకు నోరు విప్పింది నా పని తప్పు పట్టడానికే. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. పక్కింటివాళ్ళను పిలిచి మరీ చెప్పాను.

అది గంజి కాదు, జెలటిన్. రుచీ వాసనా లేని పొడి, ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ తీస్తారు. బైండింగు షాపులో నా జీవితమంతా ఆ జిగురు వాసనలోనే గడిచింది కదా, ఇప్పుడు తినే రకం డబ్బా ఒకటి తెచ్చుకున్నాను. పలచగా కలిపి ముంచితే జల్లెడలాంటి ఆ పాత తెర కొత్త కాగితంలా నిలబడింది. వదులై ఊగుతున్న కుర్చీ కాలు దానితోనే అంటించి బిగించాను. మిగిలిన నీళ్ళు గులాబీ మొక్కకు పోశాను, చిగురు వేసింది. ఈ కవరు అంటించేదీ దానితోనే. మీ అమ్మ మంచం మీదనుంచి నన్నే చూస్తూ ఉండేది. నేను కావాలనే చిన్నపిల్లాడిలా ఎగిరేవాణ్ణి.

నీ ఉత్తరంలోని ప్రశ్నలకు వస్తాను. నర్సమ్మ క్రమం తప్పకుండా వస్తోంది. అమ్మ చిక్కిపోలేదు, బుగ్గలు నిండుగానే ఉన్నాయి. దగ్గు ఉంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాస్త వెచ్చబడుతోంది. గది ఉక్క వల్ల అనుకున్నాను. ఊపిరి తీస్తుంటే మరుగుతున్న గిన్నె మీద మూత కదిలినట్టు చిన్న చప్పుడు. దానికీ ఏదో కారణం చెప్పుకున్నాను.

ఆసుపత్రి పొడి సరిగ్గా కలుపుతున్నావా అని అడిగావు. ఆ ప్రశ్న దాటేసి కవరు మూసేద్దామనే అనుకున్నాను.

కలపడం లేదు తల్లీ.

పక్షవాతంతో మింగుడు సరిగా లేదని, ఉత్త మంచినీళ్ళు పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని, ఆ పొడి వేసి చిక్కబరిచే పట్టమని వాళ్ళు చెప్పింది నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. కానీ అది మైదా పేస్టులా ఉంటుంది. మీ అమ్మ ఉమ్మేసేది. పెదవులు పగిలి, నా చేతిలో గ్లాసు కనిపిస్తే చాలు, చూపు దాని వెంటే తిరిగేది. నేను దొంగలా వసారాలోకి పోయి నీళ్ళు తాగేవాణ్ణి. అలాంటప్పుడు ఒకరోజు గిన్నెలో మిగిలిన జెలటిన్ గడ్డకట్టి కనిపించింది. నీళ్ళు నిలబడ్డాయి! నిలబడిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఎలా పోతాయిలే అనుకున్నాను. ఫ్రిజ్‌లో పెట్టి, ముక్కలు కోసి, చల్లటిది ఒకటి నోట్లో పెట్టాను. కళ్ళు మూసుకుని అలాగే ఉంచుకుంది. ఆ ముఖం నువ్వు చూసి ఉంటే నన్ను తిట్టేదానివి కాదు. అప్పట్నుంచీ రోజూ అదే.

నర్సమ్మ కిందటిసారి వీపు మీద గొట్టం పెట్టి విని, ఏం పెడుతున్నారని అడిగింది. మీరిచ్చిన పొడేనని అబద్ధం చెప్పాను. ఇవాళ మందు కోసం ఫ్రిజ్ తెరిచి ముక్కలు చూసింది. అరవలేదు. నన్ను కూర్చోబెట్టి ఒక ముక్క నా నాలుక మీద పెట్టింది.

"మింగకండి. అమ్మగారు ఎలా ఉంచుకుంటారో అలాగే ఉంచండి."

ఉంచాను. గోడగడియారం చప్పుడు వింటూ ఎదురెదురుగా కూర్చున్నాం.

"ఇప్పుడు మీ నోట్లో ఉన్నదేమిటి బాబాయిగారూ?"

పెదవులు బిగించాను. నోరు తెరిస్తే ఒలికిపోతుంది. నోటినిండా నీళ్ళు.

ఒంటి వేడికి కరిగే సరుకని నాకు తెలియదా? ఎన్నేళ్ళు ఉడికించాను ఆ జిగురు! చలికాలం డబ్బాలో గట్టిపడితే రెండు చేతుల మధ్య పెట్టుకుని కరిగించేవాణ్ణి. ఆమె నోరూ వెచ్చగానే ఉంటుందని నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో, నేనే.

నర్సమ్మ డాక్టరుతో మాట్లాడింది. ఆసుపత్రి బండి వస్తోంది. ఏం పెట్టానో, ఎన్నాళ్ళుగా పెడుతున్నానో అక్కడ నా నోటితోనే చెప్పమంది. చెప్తాను. నిన్ను పిలిపించమని కూడా అంది. ఎందుకమ్మా అని అడిగితే రక్తపోటు పట్టీ చుట్టడంలో పడింది.

మీ అమ్మ దగ్గరికెళ్ళి, బిడ్డకు రాస్తున్నాను, ఏం రాయను అని అడిగాను. పెదవులు కూడదీసుకుని "రమ్మనండి" అంది. ఎంత స్పష్టంగా అందో తల్లీ, ఆనందంతో గబగబా రాయబోయి ఈ కాగితం మీద సిరా ఒలికించాను చూడు. మాట అయిపోయింది. గొంతులో నీళ్ళ చప్పుడు మాత్రం ఆగలేదు. ఇప్పటికీ ఆగలేదు.

ఈ డ్రైవరుతోనే బయలుదేరు, నేరుగా ఆసుపత్రికే రా.

ఇట్లు,
నిన్ను కళ్ళారా చూసుకునేదాకా అమ్మ మంచం పక్కనుంచి కదలని
మీ నాన్న