ఇత్తడి మెడ మీద నీలి రంగు

సుంగై పెటాని,
ఆదివారం.

చిరంజీవి తివ్యను అమ్మ ఆశీర్వదించి రాయు ఉత్తరం.

ఇక్కడ నేనూ నానమ్మా క్షేమం. అలా రాయడం మన పద్ధతి కాబట్టి ముందు అదే రాశాను. నువ్వు అక్కడ వేళకు తింటూ, షూటింగ్ కోచ్ చెప్పిన మాట వింటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. బ్రిస్బేన్‌లో చలి మొదలైందని రాశావు. నాన్న స్వెట్టరు నీ పెట్టెలోనే ఉందిగా, సిగ్గుపడకుండా వేసుకో. చేతులు పొడుగైతే మడుచుకో.

ఫోన్‌లో మాట్లాడితే మనం మూడో మాటకే తమిళంలోకి జారిపోతామని, నెలకొక ఉత్తరమైనా తెలుగులో రాసుకోవాలని మీ నాన్న రూలు పెట్టారు. ఆయన పోయినా నువ్వు మానలేదు. తెలుగు క్లాసులో నా దగ్గర చదివే పిల్లలకు నీ కవరు చూపించి గొప్పలు పోయాను. లోపలి కాగితం మాత్రం చూపించలేదు, అక్షరాలు కోడి గెలికినట్టు ఉన్నాయి. నానమ్మకు ఉత్తరమంతా చదివి వినిపించాను, ఒక్క వాక్యం తప్ప. ఆ వాక్యం దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి రేకు కారడం లేదు, నాన్న పనిచేసిన షూటింగ్ క్లబ్బువాళ్లే మనిషిని పంపి బాగు చేయించారు. క్వార్టర్సు ఖాళీ చేయమని ఎవరూ అనలేదు. ఏడాది చివరిదాకా ఉండండి, తర్వాత చూద్దామన్నారు. నానమ్మ ప్రెషర్ మాత్రలు వేసుకుంటోంది. వేసుకున్నాను కదా అనే ధైర్యంతో ఉప్పుచేప కూడా తింటోంది. నేను అరిస్తే చెవి వినబడనట్టు నటిస్తోంది. కుగన్ అన్నయ్య సంగతి అడిగావు. నాన్నకు తలకొరివి పెట్టినవాడు కాబట్టి నెలనెలా మాసికానికి వాడే వచ్చి కూర్చుంటున్నాడు. శనివారాలు కూడా టిఫినుకు రోటీ చనాయ్ పట్టుకుని వస్తాడు. నాన్న కుర్చీలో అలవాటుగా కూర్చోబోయి, గుర్తొచ్చి, కింద చాప మీద కూర్చుంటాడు. నేను చూడనట్టు టీ కలపడానికి లోపలికి వెళ్లిపోతాను.

ఇక మిగిలింది ఆ వాక్యం. "నాన్న పెట్టెను రెంగసామి మామకు ఇచ్చావా, సెలక్షన్‌కు వచ్చినప్పుడు నేను ఆ తూటా గుల్లలతోనే కాలుస్తాను" అని రాశావు.

ఇచ్చాను తల్లీ. కానీ నువ్వు అనుకున్నట్టు కాదు. మొదటి నుంచీ చెబుతాను, తొందరపడి చివరి పేజీకి వెళ్లకు.

రేంజిలో మీ నాన్న పని నీకు నేను చెప్పక్కర్లేదు. అయినా రాయాలనిపిస్తోంది, రాస్తున్నంతసేపూ ఆయన ఇక్కడే ఉన్నట్టుంది. కొత్త ఇత్తడి అంటే కొత్తది కదా, బాగానే ఉంటుందని అందరూ అనుకుంటారు. ఆయన ఒక్కరే అనుకోరు. ఫ్యాక్టరీ నుంచి తూటా గుల్లల డబ్బా వస్తే పెళ్లిచూపులకు వచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు అనుమానంగా చూసేవారు. ఒక్కో గుల్లనూ వెలుతురుకు పట్టి, దారిలో దెబ్బ తిని మూతి సొట్టపోయిందా, ఒంటి మీద గీత పడిందా, అడుగున నిప్పు దూరే చిల్లు నడిమధ్య ఉందా, పక్కకు జరిగిందా అని చూసేవారు. సొట్ట మూతిని కడ్డీకి ఎక్కించి గుండ్రం చేసేవారు. పొడుగు అన్నిటికీ ఒకటే అయ్యేలా కోసి, కోసినచోట లేచిన అంచును లోపలా బయటా గీకేవారు. చిల్లు చుట్టూ మిగిలిపోయిన పొరను తీసి, చివరికి తూచి, బరువు కలిసినవాటిని కలిపి పెట్టేవారు. పెళ్లయిన కొత్తలో, ఇంత శ్రద్ధ నా మీద పెడితే బాగుండునని వెక్కిరించేదాన్ని.

ఒకసారి నేను ఆ గుల్లల మెడ దగ్గర నీలమూ పసుపూ కలిసిన కాలిన రంగు చూసి, కొత్త సరుకులో ఈ మురికేమిటి, తుడవనా అన్నాను. ఆయన నా చేతిలోంచి లాక్కున్నారు. "తుడిసెయ్యకే. అది మురికి కాదే. మెడ పెళుసుగా ఉంటే పగిలిపోద్ది. అందుకే అక్కడ ఏడి సూపించి మెత్తబరిసినారు. ఆ రంగు ఉంటేనే నాకు నమ్మకం" అన్నారు. అప్పటినుంచి ఆ రంగంటే నాకు మంగళసూత్రానికి పూసిన పసుపులాగే ఉండేది.

డయాలిసిస్ లేని రోజుల్లో ఆయన ఇంటి వెనకున్న క్లబ్బు బెంగ్కెల్ రిపేరు షెడ్డులో కూర్చుని నీ కోసం ఆ పెట్టెడు గుల్లలు తయారు చేశారు. చెయ్యి వాచి ఉండేది. కాసేపు గీకి, కాసేపు ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. షెడ్డులో తనతో పనిచేసే రెంగసామి తాను చేస్తానంటే ఒప్పుకోలేదు. నచ్చనివి పక్కకు తోసేసేవారు, నా కంటికి వాటిలో ఏ లోపమూ కనబడేది కాదు. పూర్తయిన రోజున పెట్టె మూత వేసి, ఇవి తివ్య చేతికే ఇవ్వాలన్నారు. అందుకే ఆయన పోయాక కూడా రెంగసామి ఆ పెట్టెను షెడ్డుకు తీసుకుపోకుండా ఇంట్లోనే ఉంచాడు. ఖాళీ గుల్లలే కదా, పాప సెలక్షన్‌కు వచ్చినప్పుడు తన చేతికిద్దాం అన్నాడు. నానమ్మ దాన్ని దేవుడి పీట కింద పెట్టుకుంది.

పోయిన నెల మాసికం ముందురోజు నేను బజారుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నానమ్మ వెనక కుళాయి దగ్గర పీట వేసుకుని దీపాలూ చెంబులూ తోముతోంది. చింతపండు, ఉప్పు, బూడిద. వాటి మధ్య నాన్న గుల్లలు ఉన్నాయి. పూజ ఇత్తడిని ఎలా తోముతామో అలాగే తోమింది. నీలి రంగు పోయింది. మెరుస్తున్నాయి. ఆరబెట్టాక చూస్తే మెరుపు కింద అక్కడక్కడా రాగి ఎరుపు తేలింది. బూడిదలో ఇసుక రేణువులున్నాయేమో, మెడల చుట్టూ సన్నటి గీతలు పడ్డాయి.

మర్నాడు మాసికం అయిపోయాక రెంగసామి దగ్గరికి తీసుకెళ్లాను. అతను భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. పులుపులో నానితే ఇత్తడిలోని జింకు బయటికి పోతుందట, ఆ ఎరుపు అందుకేనట. ఇక ఆ గుల్ల ఎంత గట్టిదో ఎవరూ చెప్పలేరు. పాప చెంప పక్కన పేలే వస్తువు అక్కా, నేను వీటిలో తుపాకి మందు పోయలేను అన్నాడు. ఎవరైనా పొరపాటున వాడకుండా పనికిరానివాటిని నొక్కి చదునుగా చేసేయడం అక్కడి పద్ధతి. ఒక్కటి నీ జ్ఞాపకానికి ఉంచుతానన్నాడు. నేను వద్దన్నాను. అనుమానం ఉన్న గుల్ల ఇంట్లో కూడా ఉండకూడదని మీ నాన్నే అనేవారు కదా. ఆయన చేసినవాటిని ఆయన మాట ప్రకారమే నొక్కించేశాను. పక్కనే నిలబడి అన్నీ అయ్యేదాకా చూశాను. ఏడుపు ఆగలేదు. రెంగసామి తల తిప్పుకుని పని చేసుకుపోయాడు.

ఇక్కడితో ఆపేసి, పాపం నానమ్మకు తెలియక చేసింది అని ముగిద్దామనుకున్నాను. పోయిన వారం అలాగే ఒక ఉత్తరం రాశాను కూడా. కవరులో పెట్టాక చేతులు రాలేదు, చించేశాను. పైన రాసిందంతా నిజమే, కానీ సగమే.

నేను బజారు నుంచి వచ్చేసరికి నానమ్మ తోమినవి గుప్పెడే. మిగిలినవన్నీ పెట్టెలో అలాగే ఉన్నాయి, మెడల మీద రంగుతో సహా. సంచి కింద పడేసి పరుగెత్తాను. అత్తా, అవి ముట్టుకోకు అని గట్టిగానే అరిచాను. ఆమె తల ఎత్తింది. చేతిలో ఒక గుల్ల ఉంది, బొటనవేలితో ఆ మెడను రుద్దుతూనే ఉంది.

"ఏటే యోగేసూ, ఈటి మీద కూడా కాలిన మచ్చలేనా?" అంది. "నా బిడ్డని కాల్సినారు, సూసినాను. ఆడు సేసిన సామాను కూడా కాలినట్టు ఉంటే నాను సూడనేను. నెల్లాళ్లుగా దేవుడి కాడ కూకుంటే ఇయ్యే కనబడతన్నాయి."

తివ్యా, నాన్న దహనం రోజు మన ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదని పెద్దలు చెప్పినా నానమ్మ వినలేదు. నేను కన్నాను, నేనే సాగనంపుతాను అని కారెక్కి కూర్చుంది. ఆమెను ఒంటరిగా పంపలేక నేనూ వెళ్లాను. నీ విమానం దిగేదాకా ఆగుదామని ఆమె అందరినీ బతిమాలింది. ఎవరూ ఆగలేదు. కుగన్ నిప్పు పెట్టాక ఆమె కళ్లు తిప్పుకోలేదు. నేనూ తిప్పుకోలేదు. ఆ నీలమూ పసుపూ మేమిద్దరం అక్కడ మంటలో చూశాం. ఇంటికొచ్చాక నేను కూడా ఆ పెట్టె మూత తీయలేకపోయాను. నానమ్మ పైకి అన్నది, నేను అనలేదు, అంతే తేడా.

అది మురికి కాదత్తా, నీ కొడుకు నమ్మకం అని చెప్పాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆమె ఆపేసేది. జీవితాంతం ఆ మచ్చల ముందు కూర్చుని దీపం పెట్టేది. నేను చెప్పలేదు. పీట లాక్కుని పక్కన కూర్చున్నాను. పెట్టెలో మిగిలినవన్నీ నేనే చింతపండు నీళ్లలో పోశాను. అవి నానుతుండగా ఇద్దరం అన్నం తిన్నాం. నాన్న పోయాక నానమ్మ మారు వడ్డించుకోవడం అదే మొదటిసారి. మధ్యాహ్నమంతా ఇద్దరం కలిసి తోమాం. ఏం పాడవుతుందో నాకు తెలుసు. తెలిసే తోమాను.

నువ్వు మంట చూడలేదు. అందుకే ఆ రంగు నీకింకా నాన్న పనిలాగే మిగిలి ఉంది. ఆయన చేతిది నీకంటూ మిగిలింది అదొక్కటే. దాన్ని నీకు చెప్పకుండా, నిన్ను అడగకుండా తీసేశాను. నానమ్మను ఏమీ అనకు. కోపం ఎంత ఉన్నా నా మీదికే రానీ. ఒక నెల ఉత్తరం రాయకపోయినా నేను తప్పు పట్టను. సెలక్షన్‌కు వేరే డబ్బాలోంచి రెంగసామి నీకు తయారు చేస్తున్నాడు, మంచివే. అవి నాన్నవి కావని నీకూ నాకూ తెలుసు.

ఒక్కటే అడగాలి. అవి పాడయ్యాయనీ, నొక్కించేశాననీ నానమ్మకు తెలియదు. గుల్లలు షెడ్డులో ఉన్నాయనీ, నువ్వు వచ్చి వాటితోనే కాలుస్తావనీ అనుకుంటోంది. ఆ రోజు రేంజి కంచె దాకా తీసుకెళ్లమని రోజూ నన్ను సతాయిస్తోంది. చెవి సరిగా వినబడకపోయినా ఆ చప్పుడు వినబడుతుందట. నువ్వు మొదటి గుండు కాల్చగానే నా వైపు తిరిగి, "ఇది ఆడిదేనా?" అని అడుగుతుంది. నేను తల ఊపుతాను. నువ్వు వద్దంటే ఊపను. ఏదో ఒక మాట రాయి తల్లీ.

ఇట్లు,
మీ అమ్మ
యోగేశ్వరి